నూటికి రూపాయి వడ్డీ, నెహెమ్యా, మన ఇంటి లెక్కల పుస్తకం

"అప్పు ఉన్నప్పుడు దశమభాగం ఇవ్వాలా, అక్కా?" అని మా సంఘంలో ఒక చెల్లి అడిగింది, స్త్రీల కూడిక అయ్యాక అందరం టీ తాగుతుంటే. పక్కనున్న పెద్దమ్మలు వెంటనే "ఇవ్వాలమ్మా, దేవుడి వంతు ముందు తీసెయ్యాలి, మిగతాది ఆయనే చూసుకుంటాడు" అనేశారు. వాళ్లు తేలిగ్గా అన్న మాట కాదది, వాళ్ల జీవితాలు అలాగే నడిచాయి, నాకు తెలుసు. కానీ ఆ చెల్లి తల ఊపిందే గాని ముఖంలో కంగారు తగ్గలేదు. ఆలోచిస్తే నాకు అర్థమైనది ఇది: ఆమె అసలు టెన్షన్ దశమభాగం కాదు, అప్పు. అప్పు గురించి గుడిలో నోరు విప్పే చోటు లేదు కాబట్టి కానుక పేరుతో అడిగింది. మన సంఘాల్లో డబ్బు గురించి మాట్లాడేదల్లా ఇచ్చే పదో వంతు గురించే. వాక్యంలో, అంటే బైబిల్లో మాత్రం అప్పు, వడ్డీ, కూలి, పూచీ, ముసలి తల్లిదండ్రుల పోషణ, వీటన్నిటి గురించీ ఎంత వివరంగా ఉందో. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె అడిగినప్పుడు నాకు గుర్తొచ్చింది రాజుల రెండో గ్రంథం నాలుగో అధ్యాయం. కానుకల ప్రసంగాల్లో మనం తరచుగా వినేది సారెపతు విధవరాలి సంగతి, ఏలీయా ప్రవక్తకి ముందుగా చిన్న అప్పం చేసి పెట్టిన ఆమె. ఎలీషా ప్రవక్త దగ్గరికి ఏడుస్తూ వచ్చిన విధవరాలి సంగతి అంతగా వినం. ఆమె భర్త ప్రవక్తల శిష్యుల్లో ఒకడు, దేవుడంటే భయభక్తులున్న మనిషి, అప్పు మిగిల్చి చనిపోయాడు. అప్పులవాడు ఆమె కొడుకులిద్దరినీ దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఎలీషా అడిగిన మాట, నీ ఇంట్లో ఏముంది? నూనె కుండ ఒకటి ఉందంది. ఇరుగుపొరుగు దగ్గర ఖాళీ పాత్రలు తెచ్చుకుని, తలుపు వేసుకుని, వాటిలో పొయ్యమన్నాడు. పాత్రలన్నీ నిండాక ఆయన చెప్పినది, నూనె అమ్ము, అప్పు తీర్చు, మిగిలినదాంతో నువ్వూ నీ పిల్లలూ బతకండి. అద్భుతం జరిగిన ఇంట్లో కూడా మొదటి పద్దు అప్పు తీర్చడమే. ప్రవక్త తనకంటూ ఒక్క పాత్ర పక్కన పెట్టమనలేదు. చనిపోయినవాడు భక్తిపరుడు కదా అని అప్పు ఎగ్గొట్టమని కూడా అనలేదు.

ఆ చెల్లి మర్నాడు ఇంటికి వచ్చి తన కార్డు చూపించింది. (తనలాంటి వాళ్లకి పనికొస్తుందని తనే రాయమంది.) వాళ్లాయన ఆటో నడుపుతాడు, ఇంజను పని చేయించడానికి రోజువారీ ఫైనాన్స్ తీసుకున్నారు. అరచేతిలో పట్టేంత అట్టముక్క, మడత పడి మడత పడి మధ్యలో చిరిగింది, వెనకవైపు వంద గళ్లు, ఒక్కో గడిలో తేదీ, దాని కింద వంకర సంతకం. సాయంత్రం బండి మీద కుర్రాడు వస్తాడు, వంద తీసుకుని సంతకం పెట్టి వెళ్తాడు. వానకి ఆటో బయటికి తీయని రోజు గడి ఖాళీగా ఉంటుంది, మర్నాడు రెండు వందలు. చేతికి ఇచ్చింది 9,000, రాసుకున్నది 10,000, రోజుకి 100 చొప్పున 100 రోజులు. "వెయ్యే కదక్కా ఎక్కువ, మూడు నెలలకి నూటికి పది, అంటే మూడు రూపాయల వడ్డీ" అంది.

కాదమ్మా అని కాగితం తీసి వేసి చూపించాను. మొదటి రోజు నుంచే అసలు వెనక్కి ఇచ్చేస్తున్నావు, యాభయ్యో రోజుకి సగం తీరిపోయింది, అంటే ఆ వంద రోజుల్లో సగటున నీ చేతిలో ఉన్నది నాలుగున్నర వేలే. నాలుగున్నర వేలకి వంద రోజుల్లో వెయ్యి కడుతున్నావు. నెలకి ఆరు రూపాయలు దాటిన వడ్డీ అది. ఆ ఇంట్లో ఇలాంటి కార్డు ఇంకొకటి కూడా ఉంది, మొదటిది తీర్చడానికి తెచ్చినది. ఆమె మెడలో గొలుసు ఉంది, అది తీస్తే నలుగురూ ఏమనుకుంటారోనని ఆగింది. బ్యాంకులో బంగారం పెడితే చాలావరకు రూపాయి లోపు వడ్డీకే వస్తుంది కదా, ఆరు రూపాయలు ఎక్కడ, రూపాయి ఎక్కడ. గొలుసు బ్యాంకులో పెట్టి కార్డులు రెండూ మూసేశారు. ఇప్పుడు నెలకి ఇంత అని గొలుసు విడిపించుకోవడానికి కడుతున్నారు, సాయంత్రం ఆరు దాటాక గుమ్మం వైపు చూసే పని లేదు.

మరి దశమభాగం? కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయంలో పౌలు ఇవ్వడం గురించి చెప్తూ, శక్తికి మించి కాదు, ఉన్న కలిమి కొలదే అంటాడు. అప్పు తెచ్చిన డబ్బు మన కలిమి కాదు, అది వేరొకరి డబ్బు. ఆమెకి నేను చెప్పినది ఇంతే: అప్పు చేసి కానుక వెయ్యొద్దు, నెలవారీ వాయిదా ఎగ్గొట్టి కానుక వెయ్యొద్దు, కష్టపడి వచ్చినదాంట్లోంచి సంతోషంగా ఇవ్వగలిగినంత ఇవ్వు, అప్పు తీరుతున్న కొద్దీ పెంచుకుంటూ వెళ్లు. పదో వంతుకి చేరే రోజు వస్తుంది. దీనికి ఒప్పుకోని విశ్వాసులు ఉంటారు, వాళ్లతో నాకు తగాదా లేదు, కానీ ఆరు రూపాయల వడ్డీకి తెచ్చిన నోటు కానుక పెట్టెలో పడితే దేవుడు సంతోషిస్తాడని మాత్రం నేను ఒప్పుకోలేను.

మా వైపు సంఘాలకి ఇది కొత్త సంగతేమీ కాదు నిజానికి. 1870ల నుంచి కెనడియన్ బాప్టిస్టు మిషనరీలు ఈ జిల్లాల్లో పనిచేశారు, బొబ్బిలి, శ్రీకాకుళం, టెక్కలి, పార్వతీపురం చుట్టూ ఆ సంఘాలే. మా నాయనమ్మ లాంటివాళ్లు కూలికి పోయే మనుషులు, చేతిలో కాసు ఆడేది కాదు. అన్నానికి బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక గుప్పెడు తీసి విడిగా డబ్బాలో వేసేది, ఆదివారం ఆ బియ్యం గుడికి పట్టుకెళ్లేది. అది ఎసట్లోకి వెళ్లాల్సిన బియ్యంలోంచి తీసినది, షాపు నుంచి అరువు తెచ్చినది కాదు.

ఇంక వడ్డీకి ఇచ్చేవాళ్ల సంగతి. దీని గురించి మనం అసలు మాట్లాడం. మన సంఘాల్లో వడ్డీకి తిప్పే విశ్వాసులు ఉన్నారు, రిటైరయి వచ్చిన డబ్బు పెట్టినవాళ్లు, గల్ఫ్ నుంచి కొడుకు పంపిన డబ్బు పెట్టినవాళ్లు, రెండు రూపాయలకి, మూడు రూపాయలకి, అవసరం చూసి ఐదుకి కూడా. తీసుకున్నవాళ్లు కూడా అదే గుడిలో వెనక వరుసలో కూర్చుంటారు. లక్ష రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తీసుకున్న ఇల్లు నెలకి 2,000, ఏడాదికి 24,000 కడుతుంది. ఐదేళ్లకి 1,20,000 కట్టేసి ఉంటారు, అసలు లక్ష అలాగే ఉంటుంది. "అప్పుచేయువాడు అప్పిచ్చువానికి దాసుడు" అని బైబిల్లో సామెతల గ్రంథంలో ఉన్నమాట మనవాళ్లు అప్పు చేసినవాళ్లని మందలించడానికి చెప్తారు. ఆ వాక్యంలో రెండో మనిషి కూడా ఉన్నాడు. తన సహోదరుణ్ణి దాసుడిగా పెట్టుకున్నవాడు.

నెహెమ్యా ఐదో అధ్యాయం దయచేసి ఒకసారి కూర్చుని చదవండి. నెహెమ్యా దగ్గరుండి యెరూషలేము గోడ కట్టిస్తున్న రోజులు. జనం, వాళ్ల భార్యలు వచ్చి మొరపెట్టుకున్నారు. కరువులో ధాన్యం కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు కుదువపెట్టామన్నారు, రాజుగారి పన్ను కట్టడానికి అప్పు చేశామన్నారు, కొడుకులనీ కూతుళ్లనీ దాసులుగా అప్పగించాల్సి వస్తోందన్నారు. అప్పిచ్చినవాళ్లు పరాయివాళ్లు కాదు, సొంత యూదులే, గోడ కట్టే పనిలో పక్కన నిలబడాల్సినవాళ్లే. నెహెమ్యాకి చాలా కోపం వచ్చింది, మనసులో ఆలోచించుకుని పెద్దలనీ అధికారులనీ గద్దించాడు. నేనూ నా బంధువులూ కూడా వాళ్లకి అప్పిచ్చాం, ఇంక ఈ వడ్డీ మానేద్దాం అని తనని కూడా కలుపుకుని చెప్పాడు. పొలాలు, ఇళ్లు ఈ రోజే తిరిగి ఇచ్చెయ్యండి, డబ్బులో, ధాన్యంలో, ద్రాక్షారసంలో, నూనెలో మీరు తీసుకుంటున్న నూరవ వంతు కూడా ఇచ్చెయ్యండి అన్నాడు. యాజకులని పిలిపించి ప్రమాణం చేయించాడు. తన ఒడి దులిపి, మాట తప్పినవాణ్ణి దేవుడు ఇలాగే దులిపేస్తాడన్నాడు.

ఆ నూరవ వంతు అంటే నెలకి నూటికి ఒకటి అని చాలామంది వ్యాఖ్యాతలు చెప్తారు. అంటే మన భాషలో రూపాయి వడ్డీ! మనం ధర్మ వడ్డీ అని చెప్పుకునేది, "ఊరికే ఇచ్చినట్టే కదమ్మా" అనుకునేది. పొలం పోగొట్టుకున్న సొంతవాళ్ల దగ్గర ఆ రూపాయి తీసుకున్నందుకే నెహెమ్యా ఒడి దులిపాడంటే, మూడు రూపాయలు తీసుకుంటూ పాట ఎత్తుకునే మన సంగతేమిటి?

అలాగైతే బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసుకోవడం కూడా పాపమేనా అని అడుగుతారు. నేను అలా అనుకోను. నిర్గమకాండం 22లో, లేవీయకాండం 25లో వడ్డీ వద్దన్నచోట చెప్తున్నది బీదవాడైపోయి చెయ్యిజాచిన సహోదరుడి గురించి. తలాంతుల ఉపమానంలో యజమానే, నా సొమ్ము సాహుకారుల దగ్గర వేసి ఉంటే వడ్డీతో తీసుకునేవాణ్ణి కదా అంటాడు. బ్యాంకుకి మన దగ్గర తీసుకోవాల్సిన గతిలేని అవసరం ఏమీ లేదు. ఇబ్బంది ఎక్కడంటే, ఆసుపత్రి బిల్లు కోసం రాత్రి పదింటికి వచ్చిన మనిషి ముఖం చూసి వడ్డీ రేటు చెప్పడంలో. (డిపాజిట్ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట: బ్యాంకు మూతపడినా ఒక్కో ఖాతాదారుకి 5 లక్షల వరకు బీమా ఉంటుంది, 2020 నుంచి. ఊళ్లో ఎవరో పెట్టిన రిజిస్ట్రేషన్ లేని చీటీకి అలాంటిదేమీ లేదు, నడిపే మనిషి గుడికి వచ్చేవాడే అయినా సరే.)

మా ఇంట్లో ఎలా చేస్తామో చెప్తాను, అందరికీ కుదురుతుందని కాదు. నాది ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం, మా ఆయన ఇళ్లకి కరెంటు పనులు చేస్తారు, కాబట్టి నా జీతం ఒకే అంకె, ఆయనది ఒక నెల ఎక్కువ, ఒక నెల అసలేమీ ఉండదు. పిల్లల పాత నోటుపుస్తకాల్లో మిగిలిన కాగితాలు కుట్టి లెక్కల పుస్తకం చేసుకున్నాం. ఎడమ పేజీ వచ్చింది, కుడి పేజీ పోయింది. కుడి పేజీలో మొదటి పద్దు దేవుడిది. రెండోది కూలి, ఆయన దగ్గర పనిచేసే కుర్రాళ్లది. ఇంటి యజమాని బిల్లు నెల తర్వాత ఇచ్చినా సరే ఆ కుర్రాళ్ల కూలి ఆ సాయంత్రమే ఇచ్చెయ్యాలని ఆయన పట్టుదల, పొద్దు గుంకకముందే కూలివాడి కూలి ఇవ్వాలని ద్వితీయోపదేశకాండంలో ఉంది, వాడు బీదవాడు, దానిమీదే ఆశ పెట్టుకుని ఉంటాడని కారణం కూడా అక్కడే రాసి ఉంది. తర్వాత మా అత్తగారి మందులు, తర్వాత నిల్వ, అప్పుడు బియ్యం, పప్పు, నూనె, స్కూలు ఫీజు.

అత్తగారి మందులు ఇంట్లోకి సరుకుల కంటే పైన ఎందుకు రాశానంటే, మార్కు ఏడో అధ్యాయంలో యేసు ప్రభువు చాలా గట్టిగా మాట్లాడిన చోటు ఒకటి ఉంది. తల్లిదండ్రులకి ఇవ్వాల్సినది కొర్బాను, అంటే దేవార్పితం అనేసి తప్పించుకునేవాళ్ల గురించి. హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తూ టీవీలో వచ్చే పరిచర్యలకి నెలనెలా పంపేవాళ్లని చూస్తున్నాను, వాళ్లమ్మ ఇక్కడ పల్లెలో ఒకటో తారీఖున వచ్చే 4,000 పింఛను కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ కానుక వెనక్కి తీసుకుని ముందు అమ్మకి పంపండి అని చెప్పడానికి నాకు ఏ సందేహమూ లేదు.

నిల్వ పెట్టడం, బీమా కట్టడం అవిశ్వాసం అనేవాళ్లు మా సంఘంలోనూ ఉన్నారు. యోసేపు ఏం చేశాడు? ఏడేళ్లు బాగా పండిన కాలంలో ఐదో వంతు తీయించి పట్టణాల్లో దాచిపెట్టాడు. అది దేవుడు కలలో చూపించిన సంగతికి లోబడి చేసిన పనే. ఈ జిల్లాల్లో ఉన్నవాళ్లకి దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు ఒక్క రాత్రిలో నేలకూలాయి, కొబ్బరి మొక్క మళ్లీ వేస్తే కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లలో ఇల్లు గడవాలి కదా. తీరం నుంచి గుజరాత్ వీరావల్‌కి బోట్ల మీద పనికి వెళ్లేవాళ్ల ఇళ్లలో మనిషి రైలెక్కకముందే అడ్వాన్సు ఖర్చయిపోతూ ఉంటుంది, అలాంటి ఇంట్లో నెలకి ఐదువందలు పోస్టాఫీసు ఆర్డీలో పడినా అదే ఆదుకుంటుంది. బ్యాంకు ఖాతా ఉంటే ఏడాదికి 436 రూపాయలకి ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, 20 రూపాయలకి సురక్ష బీమా, ఒక్కోదానికి 2 లక్షలు. మొదటిది యాభై ఏళ్లలోపు చేరాలి, ఏ కారణంగా చనిపోయినా ఇంటివాళ్లకి వస్తుంది, రెండోది ప్రమాదానికి. ఆటో నడిపేవాళ్లు, కరెంటు పని చేసేవాళ్లు, సముద్రం మీదికి వెళ్లేవాళ్లు ఈ రెండూ లేకుండా ఉండొద్దు. తన ఇంటివారిని సంరక్షించనివాడు అవిశ్వాసి కన్నా చెడ్డవాడని తిమోతికి రాశాడు పౌలు, ఆ మాట మనం చనిపోయాక కూడా వర్తిస్తుందని నా నమ్మకం.

డిసెంబరు వస్తోంది, అందుకే ఇదీ చెప్పాలి. విజయనగరంలో గంటస్తంభం దగ్గర బట్టల షాపుల్లో జనం, ఇంటికి రంగులు, స్టారు, సెమీ క్రిస్మస్, కేకులు, బంధువులకి భోజనాలు. పండగ చేసుకోవద్దని నేనెందుకంటాను, పిల్లలకి ఆ ఒక్క పండగే. కానీ నవంబరులో తెచ్చిన అప్పు మళ్లీ ఎండాకాలం దాకా తీరుతూ ఉంటే ఆ సంతోషం ఎవరికి? మేము జనవరి నుంచే క్రిస్మస్ పేరుతో కొంచెం తీసిపెడతాం, డిసెంబరులో ఆ డబ్బాలో ఎంతుంటే అంతే పండగ. పెళ్లిళ్లు ఇంకా పెద్ద సంగతి. ప్రధానానికి, అంటే నిశ్చితార్థానికి ఒక విందు, పెళ్లికి ఒకటి, పైగా కట్నం. 1961 నుంచి చట్టం కాదంటోంది, పాస్టరుగారి ఎదుట ప్రార్థన చేసి మరీ కట్నం మాట్లాడుకుంటున్నాం, ఆడపిల్ల తండ్రి మూడు రూపాయల వడ్డీకి తెస్తున్నాడు. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడు కదా అన్నది యేసు ప్రభువు చెప్పిన మాటే, మగపెళ్లివారు కూడా ఆ లెక్కలో కూర్చుంటే బాగుంటుంది.

పూచీ సంగతి కొంచెం. సామెతలు ఆరో అధ్యాయంలో పొరుగువాడి కోసం పూటబడితే, వేటకాడి చేతిలోంచి లేడి తప్పించుకున్నట్టు తప్పించుకో అని ఉంది. మరిదో బావగారో లోనుకి సంతకం పెట్టమంటే కాదనడం కష్టం. మేము చేసేది ఏమిటంటే, సంతకం పెట్టం, ఇవ్వగలిగినంత చేతికిస్తాం, తిరిగి రాకపోయినా పర్వాలేదనుకుని ఇస్తాం. కోపాలు వస్తాయి, కొన్నాళ్లు మాటలుండవు. సంతకం పెట్టి జీతంలో కోతలు మొదలయ్యాక వచ్చే కోపాలు అంతకంటే పెద్దవి, అవి చాలా ఇళ్లలో చూశాను.

మా స్త్రీల సమాజంలో ఈ మధ్య ఒక నిధి మొదలుపెట్టాం. ఎవరికి వీలైనంత వాళ్లు నెలకి వేస్తారు, పేర్లు చదవం. ఆసుపత్రికో, పిల్లల ఫీజుకో, రోజువారీ ఫైనాన్స్ మూసెయ్యడానికో అడిగినవాళ్లకి పదివేల వరకు ఇస్తాం, పది నెలల్లో తిరిగి వెయ్యాలి, ఖాతా తియ్యడానికి ఇద్దరి సంతకాలు, లెక్క ప్రతి కూడికలో పైకి చదవాలి. ఇప్పుడు వచ్చిన పేచీ, వడ్డీ పెట్టాలా వద్దా. "అర్ధరూపాయైనా పెడితే నిధి పెరుగుతుంది, టైముకి కడతారు" అని కొందరు, వాళ్లలో డ్వాక్రా గ్రూపులు బాగా నడిపినవాళ్లు ఉన్నారు, వాళ్ల మాట తీసిపారేసేది కాదు. షాపుకో వ్యాపారానికో అడిగేవాళ్లని డ్వాక్రాకో బ్యాంకుకో పంపిద్దాం, దారి తెలియకపోతే వెంట వెళ్దాం, ఆపదలో వచ్చినవాళ్ల దగ్గర మాత్రం పావలా కూడా వద్దు అన్నది నా వాదన. టైముకి కట్టనివాళ్లని వడ్డీతో కాదు, ఇంటికి వెళ్లి కూర్చుని మాట్లాడి కట్టించుకోవాలి, కట్టలేని పరిస్థితి అయితే అక్కడే వదిలెయ్యాలి. వచ్చే నెల కూడికలో దీని మీద చేతులెత్తమంటారు, నెహెమ్యా ఐదో అధ్యాయం అందరి ముందూ చదివించమని పాస్టరమ్మగారిని ఇప్పటికే అడిగాను.